నకళ్ళు ఏకమైన వేళ – కంప్యూటరులో తెలుగు ఒత్తుల కథ

అచ్చు యంత్రం రాకముందు మన దేశంలో ఒక పుస్తకం కావాలంటే, ఉన్నవారి దగ్గర అడిగి తెచ్చుకొని చూసి రాసుకోవడమొక్కటే మార్గం. తాటాకు మీద గంటంతో రాసే లేఖకుడు ఎంత జాగ్రత్తపరుడైనా ఎక్కడో ఒక అక్షరం జారిపోయేది. తెలిసినవాడైతే తనకు తప్పని తోచినచోట దిద్దేవాడు. తెలియనివాడైతే ఒప్పును కూడా తప్పుగా మార్చేవాడు. ఇలా నాలుగు తరాలు గడిచేసరికి ఒకే కావ్యానికి పది ఊళ్ళలో పది రకాల ప్రతులు తయారయ్యేవి. ఒక ఊరి ప్రతిలో దిద్దిన తప్పు పక్క ఊరి ప్రతిలో పదిలంగా ఉండేది.

సరిగ్గా ఇదే జబ్బు మన కాలంలో కంప్యూటరు ప్రోగ్రాములకు పట్టుకుంది. అందులోనూ మన తెలుగు అక్షరాలను తెరమీద కూర్చే ప్రోగ్రాములకు గట్టిగానే పట్టుకుంది. ఆ నకళ్ళు ఎలా పుట్టాయి, ఎలా వేరుపడ్డాయి, ఎవరు వాటిని ఒక్కటి చేశారు అన్నది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరును, ఉండేది జాబ్రియాలో. ఈ సంచిక చదివేవారిలో డాక్టర్లూ, అకౌంటెంట్లూ, ఉపాధ్యాయులూ, గృహిణులూ ఉన్నారు కనుక సాంకేతిక పదాలు వీలైనంత తగ్గించి చెబుతాను.

కడపలో జరిగిన పని

ప్రతులను కలిపి ఒక్కటి చేయడం మనకు కొత్తేమీ కాదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. తరువాత అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టాడు. వారి పని ఏమిటంటే, ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి చదవడం, పాఠభేదాలు రాసుకోవడం, చివరకు ఒక శుద్ధప్రతి తయారు చేయడం. వేమన పద్యాలను కూడా ఆయన ఇలాగే అనేక ప్రతులు సరిపోల్చి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు.

కువైట్‌లో ఉన్న తెలుగువారిలో కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల వారు ఎంతమందో మనందరికీ తెలుసు. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయాన్ని చూసినవారు కూడా మనలో ఉండే ఉంటారు. ఆ ఊళ్ళో బ్రౌన్ పండితులు చేసిన పనినే, నూట ఎనభై ఏళ్ళ తరువాత కొందరు ఇంజనీర్లు కంప్యూటరు ఫైళ్ళకు చేశారని గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులభంగా అర్థమవుతుంది.

‘స్త్రీ’ అనే మాట వెనక

ముందుగా కంప్యూటరు తెలుగును ఎలా చూస్తుందో చెప్పాలి. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ ఒకే జాబితాలో సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో తెలుగుకూ చోటు దక్కింది. అయితే యూనికోడ్ ఇచ్చింది సంఖ్యలు మాత్రమే. అక్షరం తెరమీద ఏ రూపంలో కనిపించాలన్నది వేరే లెక్క.

‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. మన కంటికి అది ఒకే అక్షరం. కంప్యూటరు మాత్రం దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. చూపించేటప్పుడు చివర ఉన్న గుడిని తీసుకువెళ్ళి మొదటి అక్షరమైన ‘స’ నెత్తిన పెట్టాలి. త, ర లను ఒత్తులుగా మార్చి వాటి వాటి స్థానాల్లో కూర్చాలి. పొల్లులు రెండూ మాయం కావాలి. ‘త్రై’ లాంటి చోట ఐత్వం రెండు ముక్కలై, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతుంది. ఈ కూర్పు పనికి మూలాధారం ఫాంటులోపల ఉండే కొన్ని పట్టికలు. ఏ అక్షరాల వరుస బదులు ఏ రూపం వాడాలి, ఏ రూపాన్ని ఎక్కడ నిలపాలి అన్నవి అందులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్, అడోబీ సంస్థలు 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతి ఇదే. పట్టికలు ఫాంటులో ఉన్నా, వాటిని చదివి అమలు చేసే ప్రోగ్రాము వేరుగా కావాలి. దాన్ని మనం ‘కూర్పరి’ అందాం. పాతకాలపు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు చేసే పని అదే కదా!

ఈ కూర్పరి లేని రోజుల్లో మనవాళ్ళు రకరకాల ఉపాయాలు పన్నారు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. దానికి ఆర్‌టీఎస్ అని పేరు. డీటీపీ కంపెనీలు ఎవరికి వారు ఒత్తుకో సంఖ్య, గుడికో సంఖ్య ఇచ్చుకొని సొంత ఫాంట్లు చేసుకున్నాయి. ఒకరి ఫాంటులో కొట్టిన వ్యాసం మరొకరి దగ్గర తెరిస్తే అర్థంకాని గుర్తుల కుప్ప. ఆ కుప్పలను యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే పనిముట్టు తయారుచేయవలసి వచ్చింది. పాత సావనీర్ల ఫైళ్ళు దాచుకున్న సంఘాలకు ఈ బాధ బాగా తెలుసు.

ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు

ఇక అసలు కథ. 1996లో డేవిడ్ టర్నర్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాంట్లను చదివి తెరమీద గీసే ‘ఫ్రీటైప్’ అనే ప్రోగ్రామును మొదలుపెట్టాడు. ఓపెన్ సోర్స్ పద్ధతిలో, అంటే ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే షరతుతో దాన్ని లోకానికిచ్చాడు. అందులో ఓపెన్‌టైప్ పట్టికలు చదివే భాగాన్ని వెర్నర్ లెంబర్గ్ రాశాడు. ఈయన ఆస్ట్రియాకు చెందిన సంగీతకారుడు. ఆ ఫైళ్ళ పేర్లు ‘ఎఫ్‌టీఎక్స్’ అనే అక్షరాలతో మొదలయ్యేవి.

తరువాత ఫ్రీటైప్‌ను కొత్తగా తిరగరాసినప్పుడు, పట్టికల కూర్పు తమ పరిధిలోది కాదని ఆ భాగాన్ని పక్కన పెట్టారు. అది దిక్కులేనిదైంది. అయితే దాని అవసరం మాత్రం పెరిగింది. లైనక్స్ ప్రపంచంలో అప్పటికి రెండు పెద్ద కుటుంబాలుండేవి. ఒకటి గ్నోమ్, రెండవది కేడీఈ. గ్నోమ్ వారికి అక్షరాలు కూర్చిపెట్టేది ‘ప్యాంగో’. రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేసిన ఓవెన్ టేలర్ దానికి ముఖ్యుడు. గ్రీకులో ‘పాన్’ అంటే అన్నీ, జపనీసులో ‘గో’ అంటే భాష, రెండూ కలిపి ఆ పేరు. కేడీఈ వారి పునాది ‘క్యూట్’. నార్వేలోని ట్రోల్‌టెక్ సంస్థలో లార్స్ నోల్ అందులో ఈ పని చూసేవాడు.

ఇద్దరూ ఆ దిక్కులేని ఫైళ్ళను తీసుకొని ఎవరి ఇంట్లో వారు పెట్టుకున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఓపెన్ సోర్స్ అంటేనే ఆ స్వేచ్ఛ. కాని మొదటి రోజున అచ్చుగుద్దినట్లున్న రెండు నకళ్ళు ఏడాది తిరిగేసరికి రెండు దారులు పట్టాయి. ప్యాంగోలో ఒకరు ఒక తప్పు దిద్దితే ఆ సంగతి క్యూట్ వారికి తెలియదు. క్యూట్‌లో ఒకరు దాన్నే ఇంకో రకంగా దిద్దుతారు. ఫైళ్ళలోని పేర్లు మారాయి, జాగా కేటాయించే పద్ధతులు మారాయి.

పట్టికలు చదివే భాగం కాక, భారతీయ భాషల నియమాలు చెప్పే భాగం వేరే ఉంది. ఏది ముందు, ఏది వెనక, ఏది ఒత్తు అని తేల్చేది అదే. ప్యాంగో దాన్ని ఐబీఎం సంస్థకు చెందిన ఎరిక్ మేడర్ కోడు ఆధారంగా చేసుకుంది. ఐబీఎం వారి సొంత ప్రతి ‘ఐసీయూ’ అనే గ్రంథాలయంలో మిగిలింది. క్యూట్‌లో లార్స్ నోల్ తనది తాను రాసుకున్నాడు. ఇవి కాక విండోస్‌కు ఒకటి, ఆపిల్‌కు ఒకటి. అంటే తెలుగు ఒత్తు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఐదు ప్రోగ్రాములు, ఐదు అభిప్రాయాలు!

దీని ఫలితం అనుభవించింది మనం. ఒకే కంప్యూటరులో ఒకే ఫాంటుతో ఒకే వాక్యాన్ని ఒక ప్రోగ్రాములో తెరిస్తే చక్కగా ఉండేది. మరో ప్రోగ్రాములో ఒత్తు పక్కకు జరిగేది, లేదా పొల్లు విడిగా కనిపించేది. నేనూ నా మిత్రులూ ఫాంటులో లోపమేమోనని ఫాంట్లు మార్చి మార్చి చూసేవాళ్ళం. ఫాంటు చేసినవారి కష్టమూ తక్కువది కాదు. దేశికాచారి గారి పోతన, వేమన వంటి ఫాంట్లను మనవాళ్ళు స్వచ్ఛందంగా చేసి ఉచితంగా పంచారు. ఒక కూర్పరికి సరిపడేలా పట్టిక రాస్తే ఇంకొక దానిలో చెడేది.

డాక్టరు మిత్రుల కోసం ఒక పోలిక. మా జాబ్రియాలో వారికి కొదవలేదు. ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రీ, కువైట్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలా ఇక్కడే ఉన్నాయి. ఒకే రోగికి రెండు చోట్ల రెండు ఫైళ్ళున్నాయనుకోండి. పెన్సిలిన్ పడదని ఒక ఫైలులో రాశారు, రెండవ దానిలో రాయలేదు. రోగి రెండవ చోటికి వెళ్ళిన రోజున ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. తెలిసిన సంగతే, తెలియవలసిన చోట లేకపోవడం వల్ల వచ్చే ప్రమాదమది.

కలపడం ఎందుకు కష్టం?

‘రెండూ పక్కన పెట్టి మంచిది ఉంచుకుంటే సరిపోదా?’ అని మీరు అడగవచ్చు. కొంతవరకు అలాగే చేస్తారు. దానికి మూడు ప్రతులు కావాలి: విడిపోకముందున్న ఆదిప్రతి, ఇప్పటి రెండు నకళ్ళు. ఒక వాక్యం ఒక నకలులోనే మారి, రెండవ దానిలో ఆదిప్రతిలాగే ఉంటే, మారినదాన్ని తీసుకోవచ్చు. ఈ పని యంత్రమే చేస్తుంది. రెండిటిలోనూ ఒకే చోట వేర్వేరుగా మారితే మాత్రం మనిషి కూర్చొని, ఎవరు ఎందుకు మార్చారో తెలుసుకొని తీర్పు చెప్పాలి.

ఈ విషయంలో బ్రౌన్ పండితుల కంటే మనవాళ్ళు అదృష్టవంతులు. వేమన స్వహస్తంతో రాసిన ప్రతి ఏదీ ఆ పండితుల ముందు లేదు. ప్రోగ్రాములకు ఆదిప్రతీ ఉంటుంది, ఏ రోజున ఎవరు ఏ పంక్తి మార్చారో చెప్పే చిట్టా కూడా ఉంటుంది. ఇంకొక తేడా కూడా గమనించాలి. పండితుడు కవి రాసిన మొదటి మాట కోసం వెతుకుతాడు. ఇంజనీరుకు మొదటి మాట మీద మమకారం లేదు. రెండు ఇళ్ళలోనూ జరిగిన దిద్దుబాట్లన్నీ ఒకచోట చేరాలన్నదే అతని తపన.

అసలు చిక్కులు కోడులో కంటే మనుషుల మధ్య ఎక్కువ. మొదటిది, హక్కుల ఒప్పందం. ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క లైసెన్సు. రాసిన ప్రతివారూ ఒప్పుకుంటే తప్ప అందరికీ పనికివచ్చే షరతుల కిందికి మార్చలేరు. రెండవది, ఎవరి అలవాటు వారిది. మన ఇంటి వంట మనకు రుచి. మూడవది, ఉమ్మడి వస్తువును రేపు ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న. ఊరుమ్మడి చెరువుకు పూడిక తీసేవాడు ఎవరో తేలకపోతే చెరువు మిగలదు కదా.

హర్ఫ్ బాజ్

2006లో ఈ రెండు కుటుంబాల వారూ ఒకచోట కలుసుకొని, నకళ్ళను ఒక ఉమ్మడి భాండారంలో చేర్చి ఇకపై అక్కడే దిద్దుకుందామని నిర్ణయించుకున్నారు. దాని బాధ్యత ముఖ్యంగా తీసుకున్నది ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఎస్ఫహ్‌బొద్. ఆయన దానికి ‘హార్ఫ్‌బజ్’ అని పేరు పెట్టాడు. మనకు ఇక్కడ రోజూ వినిపించే అరబ్బీ మాటే ‘హర్ఫ్’, అక్షరం అని అర్థం. ‘బాజ్’ అంటే పారసీకంలో తెరచి ఉన్నది. ఓపెన్‌టైప్ అనే మాటకు అచ్చమైన అనువాదమన్నమాట!

రాసినవారందరి అంగీకారంతో 2008 జనవరిలో లైసెన్సు మార్చారు. ఎవరైనా, ఆఖరుకు డబ్బుకు సాఫ్ట్‌వేర్ అమ్ముకునే కంపెనీలైనా వాడుకొనేందుకు వీలైన సరళమైన షరతులవి. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే పెద్ద మెట్టు ఇదే. ఫైళ్ళు కలపడం తెలివితేటల పని. హక్కు వదులుకోవడం మనసుకు సంబంధించిన పని.

అయితే ముందు కలిసింది సగమే. పట్టికలు చదివే భాగం ఉమ్మడిదైంది కాని, భారతీయ భాషల నియమాలు మాత్రం ఇంకా ఎవరి ఇంట్లో వారివే ఉన్నాయి. పైగా పాత కోడు అతుకులబొంతలా తయారైంది. బెహదాద్ దాన్ని మొదటినుంచి తిరగరాయడం మొదలుపెట్టాడు. 2012 నాటికి భారతీయ భాషల కూర్పు కూడా అందులో చేరింది. ఒక్కొక్క భాషకు లక్షల మాటలు పోగుచేసి, విండోస్ కూర్పరి ఇచ్చే రూపంతో తన కూర్పరి ఇచ్చే రూపాన్ని పోల్చి చూసేవాడు. తెలుగుకు పెట్టిన పరీక్షలో 9.7 లక్షల మాటలున్నాయి. తేడా వచ్చినవి పదుల సంఖ్యలోకి దిగేదాకా ఆయన విడిచిపెట్టలేదు. తెలుగు ఆయన మాతృభాష కాదని గుర్తుంచుకుంటే ఈ పట్టుదల విలువ తెలుస్తుంది. బ్రౌన్‌కూ తెలుగు మాతృభాష కాదు!

ఆ తరువాత ఒక్కొక్కరే తమ సొంత నకలును వదిలేసి ఉమ్మడి ప్రతికి మారారు. ప్యాంగో 2012లో మారింది. క్యూట్ తన అయిదవ తరంలో మారింది. లిబ్రేఆఫీస్ 2013లో లైనక్స్ మీద, 2017లో అన్ని కంప్యూటర్ల మీద మారింది. జావా కూడా 2017లో వచ్చిన తొమ్మిదవ కూర్పుతో అదే దారి పట్టింది. ఐసీయూ వారు తమ కూర్పరిని విరమించి, హార్ఫ్‌బజ్ వాడుకోమన్నారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా దీన్నే వాడుతున్నాయి. 2013లో బెహదాద్‌కు ఓరైలీ ఓపెన్ సోర్స్ పురస్కారం దక్కింది. ఇంటికి దూరంగా పనిచేస్తున్న మన అన్నదమ్ములు ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగులో వచ్చిన సందేశం చదువుకుంటున్నారంటే, ఆ ఒత్తులను వాటి చోట పెట్టింది ఈ ఉమ్మడి ప్రతే.

జాబ్రియా నుంచి చూస్తే

మన తెలుగు కోసం ఒక ఇరానీయుడు ఎందుకు కష్టపడ్డాడు అన్న సందేహానికి మా జాబ్రియాలోనే జవాబుంది. ఇక్కడ తారిక్ రజబ్ మ్యూజియం ఉంది. 1990 ఆక్రమణ సమయంలో దాని ద్వారానికి అడ్డంగా గోడ కట్టి ఆ నిధిని కాపాడుకున్నారు. అదే కుటుంబం 2007లో దగ్గరలోనే అరబ్బీ లిపి కళ కోసం మరో మ్యూజియం తెరిచింది. అక్కడి రాతలు చూసినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. అరబ్బీ అక్షరానికి ఒక్కటే రూపం లేదు. మాట మొదట ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా, విడిగా ఇంకొకలా ఉంటుంది. చుట్టుపక్కల అక్షరాలను బట్టి రూపం మారడమన్నది మన ఒత్తుల సమస్యకు సొంత చుట్టమే.

కువైట్ ఈ సమస్యను మనకంటే ముందే ఎదుర్కొంది. ముహమ్మద్ అల్ షారిఖ్ 1982లో ఇక్కడే ‘సఖ్ర్’ సంస్థను స్థాపించి, ఇంటి కంప్యూటర్లకు అరబ్బీ నేర్పాడు. 1990 తరువాత ఆ సంస్థ కైరోకు తరలిపోయింది. ఆయన 2024లో కన్నుమూశాడు. ఎవరి భాషకు వారు విడిగా యంత్రం కట్టుకోవలసిన రోజులవి. ఇప్పుడు ఒకే యంత్రం అరబ్బీకీ, పారసీకానికీ, తెలుగుకూ పనిచేస్తున్నది. పారసీకం కోసం గట్టిపరచిన పునాది మీద తెలుగు నిలబడింది. చిన్న మార్కెట్టు గల భాషకు ఇంతకంటే మేలేముంటుంది?

ఒక్కటే బావి అయితే?

రెండో వైపు కూడా చూడాలి. ఊరందరికీ ఒక్కటే బావి అయినప్పుడు అందులో చెడు పడితే ఊరంతటికీ బాధే. 2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్ఞ అనే అక్షరం, తరువాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆ తరువాత దీర్ఘం, ఈ వరుసలో వచ్చిన సందేశం చూపించబోయి ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. ‘తెలుగు అక్షరం ఐఫోనును పడగొట్టింది’ అని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. అది ఆపిల్ వారి సొంత కూర్పరి, హార్ఫ్‌బజ్ కాదు. ఆ ఒక్క కూర్పరి మీదే వారి పరికరాలన్నీ ఆధారపడ్డాయి కనుక అన్నిటికీ ఒకేసారి దెబ్బ తగిలింది. అయితే ఫిబ్రవరి 19న ఒక్క దిద్దుబాటు విడుదల చేస్తే అది ఫోన్లన్నిటికీ అందింది. విడివిడి నకళ్ళు ఉంటే దెబ్బ ఒక్కొక్కరికే తగులుతుంది నిజమే. దిద్దుబాటు కూడా ఒక్కొక్కరికే దక్కుతుంది. నా మటుకు నాకు, పదిమంది కాపలా ఉన్న ఒక్క బావే మేలనిపిస్తుంది.

మనం చేయగలిగింది

ఈ కథనుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. తెలుగులో ఏదైనా ప్రోగ్రాము అక్షరాన్ని తప్పుగా చూపిస్తే, మన కంప్యూటరులో మటుకు ఏదో అతుకు వేసుకొని ఊరుకోవడం కొత్త నకలును పుట్టించడమే. ఆ తప్పును మాట, ఫాంటు పేరు, తెరబొమ్మతో సహా ఉమ్మడి ప్రతి చూసేవారికి తెలియజేయాలి. ప్రోగ్రామింగ్ తెలిసిన యువకులు దిద్దుబాటును కూడా అక్కడికే పంపాలి. మన చేతి దిద్దుబాటు అప్పుడు మన ఇంట్లోనే కాక కర్నూలులో ఒక బడిపిల్ల ఫోనులోనూ, మారిషస్‌లో ఒక తెలుగు పంతులుగారి పుస్తకంలోనూ కనిపిస్తుంది. సిలికానాంధ్ర ముందుకు తెచ్చిన తెలుగు ఫాంట్లు ఎవరైనా వాడుకొని మెరుగుపరచుకునే లైసెన్సుతో వచ్చాయి. ఆ దారి ఇప్పటికే పడింది.

మన సంఘాలకూ ఈ మాట వర్తిస్తుందని విన్నవించుకుంటున్నాను. ఒక్కొక్క సంఘం దగ్గర ఒక్కొక్క సభ్యుల జాబితా, ఒక్కొక్క పాటల పుస్తకం, పిల్లలకు తెలుగు నేర్పడానికి ఒక్కొక్క వాచకం. ఒకరు దిద్దిన తప్పు ఇంకొకరి దాంట్లో ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది. పేర్లు ఎన్నయినా ఉండనివ్వండి, వేదికలు ఎన్నయినా ఉండనివ్వండి. పిల్లల వాచకం మాత్రం ఒక్కటి చేసుకుందాం. పక్కపక్కన పెట్టి చదువుదాం, ఎవరి ప్రతిలో మంచి ఉంటే అది తీసుకుందాం, ఎవరి పేరు ముందు వేయాలన్న తగవు మాత్రం పెట్టుకోవద్దు. కడప బంగళాలో పండితులు చేయగలిగింది, ఒకరితో ఒకరు పోటీపడిన రెండు కంప్యూటరు కుటుంబాలు చేయగలిగింది, మనం చేయలేమా?